నీ క్యాన్, నా ఫ్రీజర్

నల్లగొండ,
మే 18.

ఒరేయ్ మల్లేశం,

ఎట్లున్నావురా? అచ్చంపేట దిక్కు నాలుగు చినుకులు పడ్డాయని అమ్మ చెప్పింది. ఇక్కడ పొద్దున పదింటికే క్లాక్ టవర్ దగ్గర రోడ్డు మీద కుక్క కూడా కనిపించడం లేదు. మొన్న నువ్వు ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేశానని కోపంగా ఉన్నావట. ఆ రోజు నా టెన్షన్ వేరే ఉంది, చెప్తా విను.

మా ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒకటి ఉంది, బ్యాక్టీరియాను దాచడానికి. రోగం తెచ్చేదాన్ని చంపాల్సింది పోయి దాచుకుంటారా అని మా నాయన కూడా నవ్వాడు. రోగి మూత్రంలో పెరిగిన క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే ముందు, మా మందు బిళ్ళలు, అంటే మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ళలు, సరిగా ఉన్నాయో లేవో మాకు తెలియాలి కదా. దానికి ఏటీసీసీ 25922 అనే నంబరున్న ఈ.కోలై బ్యాక్టీరియా ఉంది, చాలా దేశాల్లో ఇదే వాడతారు. దాన్ని పూసిన ప్లేటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళ పెడితే చుట్టూ క్రిమి పెరగని జాగా 19 నుంచి 26 మిల్లీమీటర్ల వెడల్పు రావాలి. రాకపోతే రిపోర్టులు ఆపాల్సిందే. కిరాణా కొట్లో తూకం రాయి ఎట్లనో మాకు అది అట్ల.

మరి రాయి అరగొద్దు కదా. తోడు మీద తోడు వేస్తూ పోతే పెరుగు రుచి మారినట్టు, ప్లేటు నుంచి ప్లేటుకు మార్చుతూ పోతే క్రిమి గుణం కూడా మారుతుంది. అందుకే మొదటి తోడునే పులుసులో కలిపి గడ్డకట్టిస్తాం. పులుసంటే చింతపండుది కాదులే, బ్రాత్, క్రిములు పెరిగే పోషక ద్రవం. అందులో 15 నుంచి 20 శాతం గ్లిసరాల్ పోస్తాం. లేకుంటే నీళ్ళు మంచు ముళ్ళయి కణాలను చీల్చేస్తాయి.

ఇంతకీ ఆ రోజు ఏమైందంటే, న్యుమోకాకస్ అనే న్యుమోనియా క్రిమి ఉన్న వయల్ (చిన్న సీసా) తీసి, రక్తం కలిపిన బ్లడ్ అగార్ ప్లేటు మీద గీస్తే మర్నాటికి ఒక్క చుక్క కూడా పెరగలేదు. తప్పు నాదేరా. వాడినప్పుడల్లా వయల్‌ను బల్ల మీద పెట్టి, పూర్తిగా కరిగాక లూప్ (కొనకు చిన్న రింగున్న తీగ) ముంచి, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ కొన్ని చస్తూ వచ్చాయి. ఈ.కోలై మొండిది, తట్టుకుంది. న్యుమోకాకస్ సుకుమారి. కరగనీయకుండా, పైన గడ్డను లూప్‌తో కొంచెం గీకి వెంటనే లోపల పెట్టేయాలట. మా మేడమ్ నలుగురిలో తిట్టలేదు కానీ పక్కకు పిలిచి చెప్పింది, అదే ఎక్కువ నొప్పి.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. బర్రె ఎదకొస్తే నువ్వు ద్రవ నత్రజని క్యాన్‌లోంచి దున్నపోతు వీర్యం ఉన్న స్ట్రా తీసి 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ముంచుతావు కదా. నీది ఒక్కసారికే, మొత్తం వాడేస్తావు, కరిగించినా తప్పులేదు. నాది ఏళ్ళ తరబడి గీక్కోవాలి. నేను నీ పద్ధతి పట్టుకొని చెడిపోయినట్టున్నా!

ఇంకో మాట. మనిద్దరికీ అన్నం పెడుతున్న ఈ గ్లిసరాల్ సంగతి బయటపడింది ఒక గందరగోళంలోనట. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్ అనే ఆయన, తోటివాళ్ళు కోడిపుంజు వీర్యాన్ని చక్కెర నీళ్ళతో గడ్డకట్టిస్తుంటే ఏదీ బతకలేదు. ఒక సీసాతో మాత్రం బతికింది. చూస్తే అందులో చక్కెర లేదు, గ్లిసరాల్ ఉంది. సీసాల లేబుళ్ళు తారుమారై ఉంటాయని అనుకున్నారు. వాళ్ళకు లేబుల్ మారితే పేరొచ్చింది. మా దగ్గర స్పిరిట్ తగిలి లేబుల్ చెరిగిపోతే ఆ వయల్ నేరుగా ఆటోక్లేవ్‌కే, ఆవిరితో క్రిములను చంపే మిషన్‌కే. ఇప్పుడు మూతమీద ఒకసారి, పక్కన ఒకసారి పెన్సిల్‌తో రాస్తున్నా.

కరెంటు పోయిన రాత్రి కథ ఇంకోటి ఉంది. ఫ్రీజర్ తలుపు ఎవరూ తీయకుండా కుర్చీ అడ్డం వేసుకొని కూర్చున్నా. అది వచ్చినప్పుడు చెప్తా. జూన్‌లో ఆదివారం చూసుకొని రా, పానగల్ కట్ట మీద కూర్చుందాం. ముంజలు ఉంటే తీసుకురా. నీ క్యాన్‌లో నత్రజని ఎంతుందో పుల్ల ముంచి చూస్తావు కదా, అది ఒకసారి నాకు చూపించు.

నీ,
శ్రీను