వసంతకాలపు వేట, నీటి పరిస్థితులపై సంఘ వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పిచ్చాటూరు ప్రాంతాల నుంచి ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కరిస్తూ, గడిచిన సంవత్సరపు కార్యకలాపాల నివేదికను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ చెప్పడం లేదు. వల వేసి బతికేవారూ, సెలవు పూట గాలంతో గట్టున కూర్చునేవారూ కలిసి నడుపుకుంటున్న మన సంఘానికి మాఘం చివరి నుంచి వైశాఖం వరకు సాగే కాలమే ఏడాది మొత్తానికీ ముఖ్యం. అందుచేత ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ కాలానికే కేటాయించాను.

మన ప్రాంతపు నీళ్ల తీరు డెల్టా నీళ్ల తీరు వంటిది కాదు. మన చెరువులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతాయి. సంక్రాంతి దాటాక పైనుంచి వచ్చే నీరు ఆగిపోతుంది, తూముల నుంచి పైరుకు పోయేది పోతుంది, ఎండ ముదిరే కొద్దీ ఆవిరయ్యేది ఆవిరవుతుంది. ఫాల్గుణం నాటికి స్వర్ణముఖి నదిలో చాలాచోట్ల ఇసుకే మిగిలి, మడుగుల్లో మాత్రమే నీరు నిలుస్తుంది. బతికి ఉన్న చేప అంతా ఆ మడుగుల్లోకే చేరుతుంది. పొరుగున నెల్లూరు వైపున ఉన్న సోమశిల, కండలేరు జలాశయాల సంగతి వేరు. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు పట్టే పెద్ద నీళ్లు కాబట్టి అక్కడి మట్టం వానకూ ఎండకూ మాత్రమే కాక, దిగువకు వదిలే నీటికి కూడా లోబడి ఉంటుంది. 1983 ఏప్రిల్‌లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఏటా చెన్నైకి చేరవలసిన 12 టీఎంసీలలో 8 టీఎంసీలు జులై, అక్టోబరు మధ్య, మిగిలిన 4 టీఎంసీలు జనవరి, ఏప్రిల్ మధ్య ఇవ్వాలి. ఈ రెండో విడత సరిగ్గా మన వేట కాలంలోనే వస్తుందన్న సంగతిని అక్కడికి వెళ్లే సభ్యులు మనసులో పెట్టుకోవాలి. మట్టం దిగేటప్పుడు చేప అంచుల్లోని లోతు తక్కువ నీటిని విడిచి పాత ఏటి కాలువ లోతుల్లోకి జరుగుతుంది. పుష్యమాసంలో చేప దొరికిన మొద్దు దగ్గరే చైత్రంలోనూ గాలం వేసి, నీళ్లలో చేపే లేదని ఇంటిదారి పట్టినవారు మనలో చాలామంది ఉన్నారు.

ఈ కారణం చేతనే ఈ సంవత్సరం నీటి పుస్తకం ప్రారంభించాం. మనకు బాధ్యత ఉన్న ప్రతి నీటి వనరుకూ ఒక పుస్తకం పెట్టి, తెల్లవారకముందు నీటి మట్టం తూము రాయి మీద ఏ గీత దగ్గర ఉందో, నీటి వేడి ఎంతో, నీటి తేట తెలియడానికి తెల్లపళ్లేన్ని తాడుతో దించితే ఎంత లోతున కనుమరుగైందో, గాలి ఎటు నుంచి వీస్తోందో, చేప పైకి వచ్చి నోరు తెరుస్తోందో లేదో రాయాలని నిర్ణయించాం. తెల్లవారుజామునే ఎందుకని కొందరు అడిగారు. పగలంతా నీటిలోని పచ్చనాచు ఎండను పుచ్చుకుని ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా అదే నాచు చేపతో పోటీపడి ఆ ప్రాణవాయువును పీల్చుకుంటుంది, అందువల్ల సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. పైగా 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. వేడి పెరిగిన కొద్దీ చేపకు కావలసింది ఎక్కువై నీటిలో ఉండేది తక్కువ కావడమే వసంతకాలపు అసలు చిక్కు. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే బొచ్చె, శీలావతి హాయిగా మేత తింటాయి. అది రెండు మూడుకు పడిపోతే మేత మానేసి ఉపరితలానికి వస్తాయి. కొర్రమీను గాలిని నేరుగా పీల్చగలదు కాబట్టి అది బాగానే ఉందని చూసి చెరువంతా బాగుందనుకోకూడదు.

నీటిలోని ప్రాణవాయువును చూసే పరీక్ష పెట్టె వాడకాన్ని సభ్యులకు నేర్పించడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. సీసాలో మందు చుక్కలు వేశాక అడుగున దిగే ముద్ద గోధుమ రంగుకు తిరిగితే నీటిలో ప్రాణవాయువు ఉన్నట్టు, తెల్లగానే మిగిలితే లేనట్టు అన్న సంగతి చదువు రాని సభ్యులకు కూడా వెంటనే అర్థమైంది. నిజం చెప్పాలంటే ఈ పుస్తకాలను అందరికంటే శ్రద్ధగా రాసినవారు పెద్ద చదువులు చదివిన సభ్యులు కారు, ఏళ్లుగా పుట్టి (గుండ్రటి తెప్ప) నడుపుతున్న సభ్యులూ వారి ఇంటి ఆడవారూను.

పుస్తకాల్లో చేరిన రాత వేటకు కూడా పనికివచ్చింది. మార్గశిర, పుష్య మాసాల్లో చన్నీటికి మందగించిన శీలావతి మేత శివరాత్రి దాటాక పుంజుకోవడం, పొద్దు పొడిచాక ఒక జాము, పొద్దు వాలే ముందు ఒక జాము గాలానికి బాగా అందడం దాదాపు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. బొచ్చె నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది కనుక, దక్షిణపు గాలి నిలకడగా వీచిన రోజుల్లో ఆ గాలి కొట్టే గట్టు వైపు చేరుతుంది. మోసు చేప అడుగునే తిరుగుతుంది కాబట్టి తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ఉండను అడుగుకు దించిన వారికే అది దొరికింది. లోతు తక్కువ అంచుల్లో జిలేబీ చేప (తిలాపియా) గుంతలు తవ్వి గూళ్లు కట్టడం ఎండలు ముదరగానే మొదలైంది. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుని పెంచుతుంది కనుక నీరు దిగి గూడు బయటపడినా దాని సంతతి తగ్గదు. మన బొచ్చె, శీలావతి అలా కాదు. అవి వానాకాలపు పారే నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు సూదిమందుతో వీటి చేత గుడ్లు పెట్టించిన తరువాతనే పిల్లలు కావలసినంత దొరకడం మొదలైంది. ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఏటా కొని వదిలిన పిల్లను చైత్రంలో అరచేయంత ఉండగానే సన్నకన్ను వలతో ఊడ్చేస్తే దాని స్థానంలో మరొకటి దానంతట అది పుట్టదన్న విషయాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పలేను.

ఈ సంవత్సరం మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ కార్యం చైత్రమాసంలో చంద్రగిరి వైపున ఉన్న ఒక చెరువులో జరిగింది. మట్టం తూము గడప కిందికి దిగి, నీరంతా కట్ట వెంబడి ఉన్న లోతులో మిగిలింది. నీటి పుస్తకం ప్రకారం తెల్లపళ్లెం కనుమరుగయ్యే లోతు రోజురోజుకూ తగ్గుతూ నీరు చిక్కటి పచ్చగా మారింది. దానికి తోడు మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. మబ్బు పట్టిన పగలు నాచు ప్రాణవాయువును అంతగా తయారు చేయదు, గాలి లేని రాత్రి నీరు కదలదు. ఇవి రెండూ కలిసినప్పుడు వచ్చే తెల్లవారుజాము ప్రమాదకరమని గ్రహించి, పుస్తకం రాసే సభ్యుడు ముందు సాయంత్రమే మనకు కబురు పెట్టారు. పంచాయతీ పెద్దల అనుమతితో, చెరువును వేలంపాటలో దక్కించుకున్న వారి సమ్మతితో ఆ రాత్రే మేతా ఎరువూ ఆపించి, రెండు డీజిల్ ఇంజన్లతో నీటిని తోడి మళ్లీ అదే నీటిపైకి జల్లుగా పడేలా చేశాం. చీకటి ఉండగానే పెద్దకన్ను వలలు దించి, అమ్మకానికి ఎదిగిన చేపను బయటికి తీసి గుంపును పలచబరిచాం. కొర్రమీను జోడులను, చిన్న చేపలో బలంగా ఉన్నవాటిని గాలి గొట్టాలు పెట్టిన డ్రమ్ముల్లో, పొద్దెక్కకముందే, లోతు ఎక్కువ ఉన్న పక్క చెరువుకు తరలించాం. డ్రమ్ములోని నీటికీ కొత్త చెరువు నీటికీ వేడి ఒకటయ్యేదాకా కొద్దికొద్దిగా నీరు కలిపి ఆ తరువాతే వదలాలని పట్టుబట్టిన పెద్దలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి, ఎందుకంటే ఆ ఓపిక లేకపోతే మోసిన చేప అంతా గట్టున తేలేది. ఆ చెరువులో సామూహికంగా చేప చావడం జరగలేదు. మబ్బు విడిచి గాలి తిరిగాక మిగిలిన చేప మళ్లీ మేతకు వచ్చింది.

ఆ రాత్రి ఇంజన్లు ఇచ్చిన రైతులకు, డ్రమ్ములు సమకూర్చిన ఐసు వ్యాపారులకు, సరుకు మోసే ఆటోను బాడుగ తీసుకోకుండా తోలిన సభ్యునికి, అందరికీ రాగిసంగటి, పులుసు వండి పెట్టిన గ్రామ మహిళలకు, వెలుతురు కోసం కట్ట మీద దీపాలు కట్టిన యువకులకు, సున్నం ఉదారంగా ఇచ్చిన దాతకు, మాటలతో కాక చేతులతో పనిచేసిన మన ఉపాధ్యక్షులకు, ఎప్పుడు పిలిచినా పలికి సలహా ఇచ్చిన విశ్రాంత మత్స్యశాఖ ఉద్యోగులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. శిక్షణకు గది ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి కూడా ధన్యవాదాలు.

అయితే ఆ రాత్రి రాని వారి గురించి కూడా చెప్పక తప్పదు. పుస్తకం రాసే వంతుల పట్టికలో పేరు రాయించుకునేటప్పుడు ఉన్న ఉత్సాహం మాఘం చలికే చల్లబడింది. కొన్ని పుస్తకాల్లో వారాల తరబడి పుటలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలు ఎండ ముదిరిన వారాలకు చెందినవి కావడం మరింత బాధాకరం. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్టకు ముప్పు వచ్చినప్పుడు ఊళ్లు ఖాళీ చేసి అందరం నిద్ర లేకుండా గడిపాం. చెరువు నిండి మొరవ పోతే (అలుగు దాటి పారితే) చూడటానికి ఇంటిల్లిపాదీ కట్ట ఎక్కుతాం. నీరు దిగేటప్పుడు కూడా అంతే కాపలా అవసరమని సభ్యులు ఒప్పుకోనంత వరకు కార్యవర్గం ఎన్ని పట్టికలు వేసినా ప్రయోజనం ఉండదు.

అధికారుల విషయంలోనూ నిరాశే మిగిలింది. నీటిలో పేలుడు పదార్థం గానీ విషం గానీ వాడి చేప పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. అయినా మడుగుల్లో టపాసుల మందు పేల్చడం, బ్యాటరీ కరెంటు పెట్టడం గురించి ఫోటోలతో సహా ఇచ్చిన మన వినతిపత్రాలకు రసీదు తప్ప చర్య రాలేదు. చెరువులో చేపకు కనీస నీరు మిగిలేలా తూము మూసే మట్టం ముందుగా నిర్ణయించాలని అడిగితే ఒక కార్యాలయం మరో కార్యాలయం పేరు చెప్పింది. రైతు తడిని ఆపమని మనం అడగలేదు, తడి పూర్తయ్యాక కూడా తెరిచి వదిలేసిన తూమును మూయమని మాత్రమే అడిగాం. ఈ విషయంలో రైతు సంఘాల పెద్దలు మనతో ఏకీభవించారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్ర వేట నిషేధం ఉండటంతో ఆ రెండు నెలలూ తిరుపతి బజారులో మంచినీటి చేపకు గిరాకీ పెరుగుతుంది. ఆ ధర ఆశతో చేపను ముందే తీసేయకుండా, పెద్దది తీసి చిన్నది ఉంచే పద్ధతి పాటించిన చెరువుల్లో సభ్యులు ఎక్కువ రోజులు అమ్ముకోగలిగారు. మామిడి కాలపు గాలివానల పట్ల అందరూ జాగ్రత్తగా ఉండాలి. పిడుగుల ప్రమాదం అందరికీ తెలిసినదే. వేడెక్కిన చెరువుపై చల్లటి వాన ఒక్కసారిగా పడితే పైనీరు కిందికి దిగి, అడుగున కుళ్లిన నీరు పైకి వచ్చి చేపకు ఊపిరాడకుండా చేస్తుందని తెలిసినవారు తక్కువ. పెద్ద జలాశయాల్లో మధ్యాహ్నపు గాలి లేచేలోపే పుట్టీలు గట్టుకు చేరాలన్న నియమాన్ని గట్టిగా అమలు చేశాం. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఉన్న సామూహిక ప్రమాద బీమాలో మరణానికి 5 లక్షల రూపాయలు లభిస్తాయి. ఇంకా పేరు నమోదు చేయించుకోని సభ్యులు ఈ సమావేశం ముగియకముందే బల్ల దగ్గర ఫారాలు నింపవలసిందిగా కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు గారు పరిశీలించి సంతకం చేశారు. ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి. సభ్యత్వ రుసుము, విరాళాలు ఆదాయం కాగా పరీక్ష పెట్టెలు, సున్నం, డీజిల్ ప్రధాన వ్యయం. బకాయి ఉన్నవారు కోశాధికారి గారిని కలవాలి.

వచ్చే సంవత్సరానికి కార్యవర్గం మూడు తీర్మానాలను ఆమోదం కోసం ప్రవేశపెడుతోంది. ప్రతి నీటి వనరుకూ ఇద్దరు చొప్పున పుస్తక బాధ్యులను ఈ సభలోనే పేరుపెట్టి ఎన్నుకోవాలి. మాఘ పౌర్ణమి నుంచి వైశాఖం చివరి వరకు మన సభ్యులెవరూ దోమతెర వంటి సన్నకన్ను వల వాడకూడదు, వాడినవారి సభ్యత్వం ఒక సంవత్సరం నిలిపివేయాలి. పిల్లలను తోడుకుని ఈదే కొర్రమీను జంట మీద గాలం వేయకూడదు, ఎర్రటి పిల్లల గుంపు కనిపించిన చోటును గుర్తించి పుస్తకంలో రాయాలి. ఈ నివేదికను ఆమోదించి, తీర్మానాలపై చర్చ ప్రారంభించవలసిందిగా అధ్యక్షుల వారిని సవినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి, తిరుపతి