ఇంటి ఇంధన రేటింగ్ అమ్మకపు ప్రకటనలోనే ఉండాలి: గృహ నిర్మాణ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ఇల్లు అమ్మేటప్పుడు దాని ఇంధన సామర్థ్య రేటింగ్ (ఇంటిని చల్లగానో వెచ్చగానో ఉంచడానికి ఇంధనం ఎంత ఖర్చవుతుందో చూపే గ్రేడు) చూపించడం తప్పనిసరి కావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే ఆ రేటింగ్ కొనేవాళ్ల కంట ఎప్పుడు పడుతుందన్నదే నాకు అసలు ప్రశ్న. సంతకాల రోజున మిగతా కాగితాలతో కలిపి చేతిలో పెడితే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఇల్లు చూడడానికి వెళ్లినవాళ్లు అక్కడ అరగంటో గంటో ఉంటారు. గదులు, వెలుతురు, నీళ్లు, పార్కింగ్ చూసుకుంటారు. పైకప్పుకు ఇన్సులేషన్ (వేడి, చలి లోపలికి రాకుండా ఆపే పొర) ఉందా, గోడలు వేడిని ఎంత ఆపుతాయి, తలుపుల సందుల్లోంచి గాలి ఎంత పోతోంది అన్నవి కంటికి కనబడవు. మొదటి ఎండాకాలమో చలికాలమో గడిచి బిల్లులు వచ్చాకే అవి తెలుస్తాయి. అప్పటికి లోన్ మొదలై ఉంటుంది, వెనక్కి తగ్గే దారి ఉండదు. ఈఎంఐ ఎంతో బ్యాంకు పైసాతో సహా చెబుతుంది. ఆ ఇంటిని చల్లగానో వెచ్చగానో ఉంచడానికి నెలనెలా ఎంతవుతుందో మాత్రం చెప్పేవాళ్లు లేరు. ఫ్రిజ్‌కి కూడా రేటింగ్ స్టిక్కర్ చూసి కొనే రోజుల్లో, జీవితమంతా అప్పు కట్టి కొనే ఇంటికి ఆ పాటి సమాచారం లేకపోవడం అన్యాయం.

ఇల్లు కట్టినా, అమ్మినా, అద్దెకిచ్చినా ఇంధన సర్టిఫికెట్ (ఆ రేటింగ్ రాసిచ్చే పత్రం) ఉండాలని ఐరోపా సమాఖ్య 2002లోనే చెప్పింది. 2010లో ఆ నిబంధనలను తిరగరాసినప్పుడు, పత్రికల్లో వచ్చే అమ్మకపు ప్రకటనలోనే రేటింగ్ వేయాలని చేర్చింది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 1999 నుంచే ఇది అమల్లో ఉంది. అక్కడి అమ్మకాలను ఆ దేశ గణాంక సంస్థ పరిశీలిస్తే, మిగతా విషయాలు సమానంగా ఉన్నప్పుడు మంచి రేటింగ్ ఉన్న ఇళ్లకు ఎక్కువ ధర పలికిందని తేలింది. అంటే ఇంటి మీద ఖర్చు పెట్టిన యజమానికి అమ్మేటప్పుడు ప్రతిఫలం దక్కుతోంది. ప్రకటనలో రేటింగ్ లేకపోతే ఇళ్లను పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలుండదు, ఆ ప్రతిఫలమూ ఉండదు.

ఇక రేటింగ్ ఎలా ఇస్తారన్నది. పాత బిల్లులు చూసి ఇవ్వడం తేలిక, కానీ తప్పు. రోజంతా బయట పనిచేసే ఇద్దరున్న ఇంటికీ, ముసలివాళ్లు, పసిపిల్లలు ఎప్పుడూ ఉండే ఇంటికీ బిల్లు ఒకేలా రాదు. అది మనుషుల అలవాట్ల లెక్క అవుతుంది, ఇంటి లెక్క కాదు. ఫ్రాన్స్‌లో కొన్ని పాత ఇళ్లకు ఇలా బిల్లుల ఆధారంగానే రేటింగ్ ఇచ్చేవారు. 2021 జులై నుంచి ఆ పద్ధతి తీసేసి, గోడలు, కిటికీలు, వేడిచేసే పరికరాలు, గాలి ప్రసరణ చూసి లెక్కకడుతున్నారు. అంతేకాదు, రేటింగ్ తప్పని తేలితే కొన్నవాళ్లు చట్టపరంగా నిలదీయవచ్చు. మన నిబంధనల్లోనూ ఈ రెండూ ఉండాలి. రేటింగ్ ఇచ్చే పరిశీలకుడు ఇంటికి స్వయంగా వెళ్లాలి. అతనికి ఫీజు ఇచ్చేది అమ్మేవాళ్లే కాబట్టి, ఇచ్చిన సర్టిఫికెట్లలో కొన్నిటిని సంబంధం లేని మరొకరు మళ్లీ తనిఖీ చేయాలి. ఇది లేకపోతే రేటింగ్ మీద ఎవరికీ నమ్మకం నిలవదు.

పాత ఇళ్ల యజమానుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. రేటింగ్ తక్కువ వచ్చిందని అమ్మకం ఆపమని నేను అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమంటున్నాను, అంతే. దాంతోపాటు ఏ పని ముందు చేస్తే మేలో సర్టిఫికెట్‌లోనే రాసివ్వాలి. చాలా ఇళ్లలో ఖరీదైన కొత్త యంత్రాల కంటే ముందు పైకప్పు, సందులు చూసుకోవాలి. (సందులు మూసేటప్పుడు గాలి ఆడే ఏర్పాటు మరవకూడదు, లేకపోతే చెమ్మ చేరుతుంది.) ఫీజు కట్టలేని చిన్న ఇళ్లవాళ్లకు ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

మంత్రిగారూ, మీ శాఖ తెచ్చే నిబంధనల్లో "అమ్మకం పూర్తయ్యేలోగా" అని రాస్తే సరిపోదు. "ప్రకటన ఇచ్చే నాటికి" అని స్పష్టంగా ఉండాలి. రేటింగ్ లేని ప్రకటన వేస్తే యజమానితోపాటు ఏజెంటుకూ జరిమానా పడాలి. ముసాయిదాను ముందుగా ప్రజల ముందు పెట్టి, ఇల్లు కొనబోయేవాళ్ల అభిప్రాయాలు కూడా తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఇల్లు కొనుక్కోబోతున్న ఒక పౌరుడు