పురిటికి ఊరెళ్లే ముందు ఆ ఇంజక్షన్ సంగతి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో గర్భిణుల గురించి తరచూ రాస్తుంటారు. బొప్పాయి తినొచ్చా, కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందా లాంటివి. (పుట్టదు. లాభమల్లా అది అమ్మే మాలాంటి వాళ్లకే.) నేను బెంగళూరు మారతహళ్లిలో మందుల షాపు నడుపుతున్నాను. మా చుట్టుపక్కల అద్దెకుండే వాళ్లలో అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది నెగటివ్ బ్లడ్ గ్రూపు ఆడవాళ్ల సంగతి అని నాకనిపిస్తుంది.

తల్లి ఆర్‌హెచ్ నెగటివ్ (అంటే గ్రూపు పేరు చివర నెగటివ్ అని ఉండటం), తండ్రి పాజిటివ్ అయితే కడుపులో బిడ్డ పాజిటివ్ కావొచ్చు. కాన్పప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి ఒంటికి అది పరాయిది కాబట్టి దాని మీద యాంటీబాడీలు, అంటే పరాయివాటిని ఎదిరించే పదార్థాలు, తయారవుతాయి. అప్పటికి మొదటి బిడ్డ బయటపడిపోయి ఉంటుంది, సాధారణంగా దానికేమీ కాదు. దెబ్బ తర్వాతి బిడ్డకు. ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. రక్తం తగ్గిపోవడం, పుట్టగానే ముదురు కామెర్లు, ఒక్కోసారి బిడ్డే దక్కకపోవడం. దీన్ని ఆపే యాంటీ-డి ఇంజక్షన్ 1968 నుంచీ ఉంది. 28వ వారంలో 300 మైక్రోగ్రాములు ఒకటి, కాన్పయ్యాక బిడ్డ పాజిటివ్ అని తేలితే 72 గంటల్లోపు ఇంకొకటి.

చిక్కంతా ఆ 28వ వారంతోనే. అంటే ఏడో నెల. మనవాళ్లు సీమంతం చేసి, గాజులు తొడిగి, పిల్లను పుట్టింటికి పంపేదీ ఇంచుమించు అప్పుడే. ఇక్కడి డాక్టరు అక్కడ వేస్తారులే అనుకుంటారు, అక్కడి డాక్టరు ఇక్కడ వేసే ఉంటారనుకుంటారు. ఫైలు చూద్దామంటే అల్లుడి బీరువాలో ఉంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. యాంటీ-డి వేశాక కొన్నాళ్లపాటు, తల్లి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే కూంబ్స్ టెస్టులో ఆ ఇంజక్షన్ తాలూకు యాంటీబాడీలే కనబడవచ్చు. ఎప్పుడు వేశారో తెలియకపోతే కొత్త డాక్టరుకూ అయోమయం, ఇంట్లోవాళ్లకూ టెన్షన్.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు షాపు కట్టేసే వేళకు వచ్చాడు. భార్యకు కదిరిలో అంతకు ముందు రోజు కాన్పయింది, బిడ్డ పాజిటివ్. ఆ పూటకు అక్కడ ఇంజక్షన్ దొరకలేదట. చేతిలో ఫ్లాస్కు, నిండా ఐసు. "దీంట్లో ముంచి ఇయ్యన్నా, రాత్రి బస్సుకు పోవాల" అన్నాడు. ఐసులో ముంచితే గడ్డకట్టొచ్చు, గడ్డకడితే పనికిరాదు, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి అని చెప్పి సగం ఐసు తీయించాను. మిగిలిన దాన్ని కవర్లో కట్టి పైన న్యూస్‌పేపరు మడతలు వేసి, మందు డబ్బాకు ఇంకో కవరు చుట్టి దానిపైన పెట్టాను. అంతా చూసి అతను అడిగిందేమిటంటే, "ఏడో నెల్లో ఒకటి ఏసినారు గదన్నా, మళ్లా ఎందుకు?" ఈ ప్రశ్న నేను ఎన్నిసార్లు విన్నానో. మొదటిది వేసుకున్నా రెండోదీ కావాల్సిందే. ఎలాగోలా 72 గంటలు దాటినా వదిలేయకుండా డాక్టర్ని అడగాలి, ఆలస్యంగా వేసినా కొంత ఉపయోగం ఉంటుంది.

గర్భం పోయినప్పుడైతే ఈ ఇంజక్షన్ ఊసే ఎత్తరు. దుఃఖంలో ఉన్న పిల్లను తీసుకుని ఇంటికెళ్లిపోతారు. అబార్షన్ అయినా, గర్భం ట్యూబులో వచ్చినా, మధ్యలో బ్లీడింగ్ అయినా, పడి పొట్టకు దెబ్బ తగిలినా నెగటివ్ తల్లికి ఇది కావాలేమో అడిగి తీరాలి. ఒకసారి యాంటీబాడీలు తయారయ్యాక యాంటీ-డి వేసినా లాభం లేదు. ఆ పైన కాన్పయ్యేదాకా స్కాన్ల మీద స్కాన్లు, అవసరమైతే కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కించడం.

అలాగని అందరూ కంగారుపడక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ నెగటివ్ అయితే బిడ్డా నెగటివే, గొడవ లేదు. మొగుడూపెళ్లాలది ఒకే గ్రూపైతే పిల్లలకు లోపం వస్తుందన్నది ఉత్త మాట. తల్లి ఓ పాజిటివ్ అయి బిడ్డ ఏ గానీ బీ గానీ అయితే కామెర్లు రావచ్చు, చాలావరకు ఆస్పత్రిలో లైటు కింద పెడితే తగ్గిపోతాయి, దానికి ఈ ఇంజక్షన్‌తో పనిలేదు. కోడలిది నెగటివ్ అనగానే మొహం మాడ్చుకునే అత్తగార్లను కౌంటర్ దగ్గరే చూస్తుంటాను. అది జబ్బు కాదమ్మా, మీ అబ్బాయికి పొడుగు వచ్చినట్టే ఆ పిల్లకు ఆ గ్రూపు వచ్చింది అని చెబుతాను. కొందరు వింటారు.

షాపువాడిగా ఇంకొక్క మాట. బండి ఆపకుండానే "నొప్పి మాత్ర ఒకటివ్వండి" అనే భర్తలు, అది ఎవరికో కూడా చెప్పాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కడుపుతో ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు, 20 వారాలు దాటాక మరీను. ఐరన్ మాత్ర కాఫీతో మింగినా, కాల్షియంతో కలిపి మింగినా ఒంటికి సరిగా పట్టదు. మొహం, చేతులు వాచి, తల పగిలిపోతూ, కళ్లు మసకలు కమ్ముతుంటే మాత్ర కోసం నా దగ్గరకు రావద్దు, బీపీ చూపించుకోవడానికి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

కర్ణాటకలో తాయి కార్డు, ఆంధ్రలో తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. ఏది ఉన్నా, ఊరెళ్లేముందు దాని పైఅట్ట మీద తల్లి గ్రూపు, తండ్రి గ్రూపు, యాంటీ-డి వేసిన తేదీ పెద్దక్షరాలతో రాయించుకోండి. రెండో డోసు ఆ ఊళ్లో దొరుకుతుందో లేదో తొమ్మిదో నెలలోనే వాకబు చేయండి. నెగటివ్ రక్తం అప్పటికప్పుడు దొరకడం కష్టం కాబట్టి బ్లడ్ బ్యాంకులోనూ ముందే అడిగిపెట్టుకోండి.

సంపాదకుడు గారూ, వీలైతే ఈ ఉత్తరాన్ని బెంగళూరు ఎడిషన్‌తో పాటు అనంతపురం, కడప, చిత్తూరు పేజీల్లోనూ వేయండి. పిల్లలు ఇక్కడున్నా, కాన్పు చేయించే అమ్మానాన్నలు పేపరు చదివేది అక్కడే.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
మారతహళ్లి, బెంగళూరు