టెలిసైకియాట్రీ ఫలితాలు తేలాలంటే లెక్కలు మొదటి కాల్‌కు ముందే మొదలవ్వాలి

సంపాదకులకు,

ఆసుపత్రిలో టెలిసైకియాట్రీ, అంటే దూరాన ఉన్న సైకియాట్రిస్టు (మానసిక వైద్యుడు) వీడియో కాల్‌లో రోగిని చూసే సేవ, వచ్చిందన్న వార్త వెంటే ఇన్ని వేల కాల్స్ పూర్తయ్యాయన్న అంకె కూడా వస్తుంది. సేవ నడుస్తోందని ఆ అంకె చెబుతుంది కానీ రోగికి ఒరిగిందేమిటో చెప్పదు. అది తెలియాలంటే ఏ వివరం ఎవరు రాయాలో, ఎప్పుడు రాయాలో మొదటి కాల్‌కు ముందే తేల్చుకోవాలి. చాలాచోట్ల ఏడాది నివేదిక రాయాల్సి వచ్చినప్పుడు గానీ ఈ పని గుర్తుకురాదు. అప్పటికి పోల్చి చూసుకోవడానికి పాత లెక్క దొరకదు.

సేవ మొదలుకాకముందు కనీసం 12 నెలల లెక్క నెలవారీగా తీసిపెట్టుకోవాలి. మానసిక సమస్యలతో అత్యవసర విభాగానికి ఎందరు వచ్చారు, సైకియాట్రిస్టు చూసేసరికి ఎంతసేపు పట్టింది, ఎందరిని వేరే ఆసుపత్రికి పంపారు, చూపించుకోకుండానే ఎందరు వెళ్లిపోయారు, డిశ్చార్జి అయిన 30 రోజుల్లో ఎందరు తిరిగొచ్చారు అన్నవి అందులో ఉండాలి. రద్దీ నెలనెలకూ మారుతుంది కాబట్టి ముందు మూడు నెలలనూ తర్వాతి మూడు నెలలనూ పక్కపక్కన పెడితే, కాలం వల్ల వచ్చిన తేడా సేవ ఖాతాలో పడుతుంది. నెలవారీ అంకెలుంటే వేచివుండే సమయం సేవ వచ్చాకే తగ్గిందా, అప్పటికే తగ్గుతూ వస్తోందా అన్నదీ తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ వేచివుండే సమయం దగ్గరే. దీనికి ఒక అంకె చాలదు. రోగి వచ్చిన సమయం, డ్యూటీ డాక్టరు సైకియాట్రిస్టు సలహా కోరిన సమయం, సైకియాట్రిస్టు తెర మీదికి వచ్చిన సమయం, కాల్ ముగిసిన సమయం, సలహా కేస్‌షీట్‌లోకి ఎక్కిన సమయం, రోగి విభాగం వదిలిన సమయం, ఈ ఆరూ విడివిడిగా కావాలి. డాక్టరు ముందు ఫోన్‌లో అడిగేసి, అరగంట తర్వాత కంప్యూటర్‌లో రిక్వెస్ట్ పెడితే ఆ అరగంట లెక్కలోంచి మాయమవుతుంది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ స్థానిక సమయం చూపిస్తూ, వీడియో సర్వర్ యూటీసీలో (మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) నమోదు చేస్తే, కొన్ని కాల్స్ అడగకముందే మొదలైనట్టు కనిపిస్తాయి. చేత్తో రాసిన సమయాలను ఓసారి వరుసగా పేర్చి చూడండి. 8:00, 8:30, 9:00 దగ్గరే గుమిగూడి ఉంటే, అవి షిఫ్టు చివర గుర్తున్నంతలో రాసినవని అర్థం. వీలైనంతవరకు సమయాన్ని యంత్రం చేతే రాయించాలి. నివేదికలో సగటుకు బదులు మధ్యగతం (అందరి సమయాలనూ వరుసగా పేర్చితే సరిగ్గా నడిమికి వచ్చే అంకె) ఇవ్వాలి, పక్కనే పదిమందిలో తొమ్మిదిమందిని ఎంతసేపట్లో చూశారో చెప్పాలి. రెండు రోజులు మంచం మీదే ఉండిపోయిన ఒక్క రోగి చాలు, సగటు తారుమారు కావడానికి.

కలవని కాల్స్ కూడా లెక్కలోకి రావాలి. సైకియాట్రిస్టు సలహా అవసరమైన వాళ్లందరూ హారంలో ఉండాలి, తెర మీద మాట్లాడినవాళ్లు మాత్రమే కాదు. కాల్ జరగకపోయినా, సరిగా సాగకపోయినా కారణం ఒక్క టిక్కుతో నమోదయ్యేలా ఫారం ఉండాలి: నెట్‌వర్క్, పరికరం, రోగి ఒప్పుకోలేదు, మత్తులో ఉన్నాడు, సైకియాట్రిస్టు దొరకలేదు, భాష కుదరలేదు, వీడియో పోయి మాటకే పరిమితమైంది. మొదటి నెలలో ‘ఇతర’ గడి పదింట ఒకటి దాటితే కారణాల పట్టికను తిరగరాయడం మంచిది.

ఇక ఫలితాల కొలత. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడటం మామూలే. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 నుంచి ఓ మోస్తరు కుంగుబాటుగా లెక్కిస్తారు, 5 పాయింట్ల మార్పును చికిత్సపరంగా చెప్పుకోదగ్గదిగా చూస్తారు. అయితే ఇది గడచిన రెండు వారాల గురించి అడుగుతుంది. అడ్మిషన్ రోజున ఒకసారి, మూడో రోజున డిశ్చార్జిలో మరోసారి నింపిస్తే ఆ తేడాకు అర్థం లేదు. సైకోసిస్‌కూ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) డెలీరియానికీ (ఒంటి జబ్బు వంటి కారణాలతో ఉన్నట్టుండి వచ్చే అయోమయ స్థితి) ఇది కొలత కాదు, వాటికి వేరే సాధనాలు పెట్టుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. దానికి 0 కాకుండా ఏ జవాబు వచ్చినా అదే రోజు ఎవరు చూస్తారో, ఎవరికి ఫోన్ చేస్తారో ప్రణాళికలోనే రాసి ఉండాలి. ఆ ఏర్పాటు లేనిచోట ఆ ఫారం ఇవ్వకూడదని మా గట్టి అభిప్రాయం.

స్కోరు తగ్గినంత మాత్రాన గొప్పంతా సేవదే అనుకోలేం. మనుషులు మరీ ఇబ్బంది పడుతున్నప్పుడే ఆసుపత్రికి వస్తారు, వాళ్లలో కొందరు ఏమీ చేయకపోయినా కాస్త తేరుకుంటారు. అందుకే పోలికకు మరో బృందం కావాలి. పగలు నేరుగా చూసినవాళ్లనూ రాత్రి తెర మీద చూసినవాళ్లనూ పోల్చడం సులువే గానీ, రాత్రి వచ్చే రోగుల తీరే వేరు. అన్ని వార్డుల్లో ఒకేసారి మొదలుపెట్టకుండా, ఏ వార్డు ఎప్పుడన్నది లాటరీ తీసి విడతలవారీగా ప్రారంభిస్తే, ఇంకా వంతు రాని వార్డులే పోలికకు పనికొస్తాయి. ఎవరికీ సేవ నిరాకరించినట్టు కాదు, ఎలాగూ ఒక్కరోజులో అన్నిచోట్లా పరికరాలు అమర్చలేరు.

మూడు నెలల తర్వాత ఎలా ఉన్నారో కనుక్కోవడానికి ఫోన్ చేస్తే, ఎత్తేది ఎక్కువగా కోలుకున్నవాళ్లేనన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. చేరినప్పుడే రెండు నంబర్లు, ఏ వేళ మాట్లాడటం వీలో, ఇంట్లో ఎవరికి చెప్పవచ్చో ఎవరికి చెప్పకూడదో రాసుకోవాలి. దొరకనివారి మొదటి స్కోరును దొరికినవారి మొదటి స్కోరుతో పోల్చి నివేదికలో పెట్టాలి. సంతృప్తి ప్రశ్నలు చికిత్స చేసినవారు అడగకూడదు. పేర్ల జాబితా, పేర్లకు బదులు వాడే కోడ్ నంబర్ల జాబితా వేర్వేరు చోట్ల ఉండాలి. మూల్యాంకనం పేరుతో సంభాషణలను రికార్డు చేయాల్సిన పనే లేదు.

ముందుగా రెండు వారాలు ఫారాలను వాడి చూడాలి. అవే 20 కేస్‌షీట్ల నుంచి ఇద్దరు విడివిడిగా వివరాలు తీస్తే, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ నిర్వచనం సరిగా లేదని తెలుస్తుంది. రాత్రి డ్యూటీలో ఐదు నిమిషాలు దాటే ఫారం నిండదు. నర్సులకు ఇది అదనపు చాకిరీ కాకుండా, వారంవారం ఖాళీ గడులు వెతికి పట్టుకునే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టాలి. సాఫ్ట్‌వేర్ మారిన తేదీ, సైకియాట్రిస్టు సెలవు పెట్టిన వారం, కొత్త వార్డు కలిసిన రోజు వంటివి ఆ మనిషే ఒక పుస్తకంలో రాస్తూ ఉండాలి. ఆ ఖర్చును పరికరాలు కొనే రోజునే బడ్జెట్‌లో చేర్చాలని ఆసుపత్రి యాజమాన్యాలను కోరుతున్నాం.

— ఆసుపత్రి సేవల మూల్యాంకనంలో పనిచేస్తున్న కొందరు