ఎనిమిది పెట్టెలు, నాలుగు చేతులు

సంపాదకులకు,

పిల్లాపాపలతో అమెరికాకు మకాం మార్చే కుటుంబాలు శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ ముందు పెట్టెలు నేలమీద విప్పుకుని పచ్చడి డబ్బాలు ఇందులోంచి అందులోకి మారుస్తుంటారు. నిద్రమొహాలతో పిల్లలు పక్కనే కూలబడి ఉంటారు. చూస్తే బాధేస్తుంది. టికెట్ అమ్మే ట్రావెల్ ఏజెంట్లు ఈ కింది సంగతులు తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి టికెట్‌తో పాటు ఇవ్వాలని కోరుతున్నాను.

అమెరికా టికెట్‌కు సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. నలుగురికి 184 కిలోలని మనం మొత్తం లెక్కేసుకుంటాం. కౌంటర్లో మాత్రం ఏ పెట్టెకాపెట్టే తూస్తారు. ఒకటి 26, ఇంకొకటి 20 ఉంటే 26 కిలోల దానికి డబ్బు కట్టాల్సిందే. 32 దాటితే అసలు తీసుకోరు. కొన్ని చౌక టికెట్లకు ఒక్క పెట్టే ఇస్తారు. ఒళ్లో కూర్చోబెట్టుకునే రెండేళ్లలోపు బిడ్డకు ఎంత అన్నది ఒక్కో విమాన సంస్థలో ఒక్కోలా ఉంటుంది. ఇంట్లోనే కొక్కేనికి తగిలించి తూచే చిన్న మిషన్‌తో చూసుకుని 22 దగ్గర ఆపేయాలి.

అసలు చిక్కు అమెరికాలో దిగాక మొదలవుతుంది. ఇంకో విమానం మారాల్సి ఉన్నా, సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలన్నీ బెల్టు మీంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. అమ్మానాన్నలకు ఉన్నవి నాలుగు చేతులు. ఒకటి చంటిబిడ్డను ఎత్తుకోవడానికి, ఒకటి నడిచే పిల్లను పట్టుకోవడానికి పోతే, ఎనిమిది పెట్టెలకు మిగిలేవి రెండే. వాటా ఉంది కదా అని నింపకుండా అయిదు పెట్టెలతో బయల్దేరడం నయం. మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉన్న టికెట్టే కొనాలి.

బరువు తగ్గాలంటే మొదట మిక్సీ, గ్రైండర్ తీసేయండి. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ప్లగ్గు మార్చినంత మాత్రాన పప్పు రుబ్బదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే అదో బరువు. కుక్కర్ పనికొస్తుంది, గాస్కెట్లు రెండు అదనంగా పెట్టుకోండి.

ఎండుకొబ్బరి చిప్పలు వద్దు. నూనె వల్ల తమంతట తామే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నాయవి. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి. పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు అమెరికా కస్టమ్స్ రానివ్వదు. ఆవకాయ డబ్బా అంచుదాకా నింపితే విమానం పైకెళ్లాక గాలి పీడనం తగ్గి నూనె మూత దాటుతుంది. రెండు వేళ్ల ఖాళీ వదలాలి.

పిల్లల టీకాల కార్డు బడిలో అడుగుతారు. తేదీలు ఇంగ్లిష్‌లో, డాక్టర్ సంతకంతో ఉండాలి, అదీ చేతిసంచిలోనే. చేతిసంచిలో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నిబంధన చంటిపిల్లల పాలకు లేదు, తనిఖీ దగ్గర తీసి చూపిస్తే చాలు. బిడ్డను పడుకోబెట్టే బాసినెట్ ముందు వరుస సీట్ల దగ్గరే, అదీ కొన్నే ఉంటాయి. టికెట్ కొన్న రోజే బిడ్డ బరువు చెప్పి అడగాలి.

— ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్