ట్యుటోరియల్ గంటను వదులుకోకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైన దగ్గర్నుంచి ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది, ఏ బ్రాంచి మంచిది, ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి అని మీ పత్రికలో వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అవన్నీ అవసరమే. కానీ సీటొచ్చి క్లాసులో కూర్చున్నాక అక్కడ చదువు ఏ తీరున సాగుతుందో పిల్లలకు ఎవరూ చెప్పరు. నేను బీటెక్ మొదటి ఏడాదికి ఫిజిక్స్ చెప్తాను, ఆ మొదటి రెండు నెలల అయోమయం ఏటా చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇంటర్ రెండేళ్లూ పిల్లలను ఒకరు వెంటపడి చదివిస్తారు. స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, చేతికి మెటీరియల్, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్. బీటెక్‌లో లెక్చరర్ గంటసేపు పాఠం చెప్పి వెళ్లిపోతారు, సెమిస్టర్‌లో ఐదు యూనిట్లు పూర్తి చేయాలి, అరవై మందిలో ఎవరికి అర్థం కాలేదో మీరు నోరు విప్పి అడిగితే తప్ప ఆయనకు తెలిసే దారి లేదు. సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్ష దాకా అంతా బాగానే ఉన్నట్టుంటుంది, పేపర్లు చేతికొచ్చాక టెన్షన్ మొదలవుతుంది.

అందుకే ముందు సిలబస్ పుస్తకం తెరిచి చూడమంటాను. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్22 సిలబస్‌లో ప్రతి సబ్జెక్టు పక్కన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గడులుంటాయి. మ్యాట్రిసెస్ అండ్ కాల్క్యులస్‌కి 3-1-0-4 అని ఉంటుంది, అంటే వారానికి మూడు గంటల లెక్చర్, ఒక గంట ట్యుటోరియల్, ల్యాబ్ లేదు, మొత్తం నాలుగు క్రెడిట్లు, అంటే ఆ సబ్జెక్టుకున్న బరువు. ల్యాబ్‌కి రెండు గంటలకు ఒక క్రెడిట్.

ఇందులో నా బాధంతా ఆ ‘టీ’ గురించే. ట్యుటోరియల్‌లో లెక్క చేయాల్సింది విద్యార్థి, పక్కన నిలబడి చూడాల్సింది టీచర్. లామ్డా, మ్యూ విలువలు ఎంతైతే సమీకరణాలకు ఒకే సాధన ఉంటుంది, ఎంతైతే అసలు ఉండదు, ఎంతైతే అనంతంగా ఉంటాయి అన్న లెక్క ప్రతి మ్యాథ్స్ క్లాసులోనూ చెప్తారు. బోర్డు మీద చేసినంతసేపూ అందరూ తలూపుతారు. అదే లెక్కలో అంకెలు మార్చి సొంతంగా చేయమంటే ఆ సమీకరణాల మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కునే దాకా వచ్చి ఆగిపోతారు, ఎందుకంటే ఆ ర్యాంకు ఏం చెప్తోందో ఆలోచించే సమయం లెక్చర్‌లో దొరకలేదు. అది దొరికేది ట్యుటోరియల్‌లోనే. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో ఆ గంటను సిలబస్ పూర్తి చేయడానికే వాడుకునేవారు, టైంటేబుల్‌లో మాత్రం ట్యుటోరియల్ అనే ఉండేది. ఇది అక్కడొక్కచోటే జరిగేది కాదని తోటి టీచర్లకు తెలుసు. పిల్లలు అడగరు, అడగొచ్చని వాళ్లకు తెలియదు.

ల్యాబ్ సంగతి కూడా చెప్పాలి. తీగకు వేలాడదీసిన డిస్కును మెలితిప్పి వదిలి, ఆ తీగ దృఢతా గుణకం కనుక్కునే టార్షనల్ పెండ్యులం ప్రయోగంలో ఇరవై డోలనాలకు పట్టే సమయం కొలిచి ఇరవైతో భాగిస్తాం. ఒక్క డోలనాన్నే ఎందుకు కొలవకూడదని వైవాలో, అంటే నోటి పరీక్షలో, అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడా ఇరవై డోలనాల మీద పంచుకుపోతుందన్నది తన చేత్తో రీడింగులు తీసిన పిల్ల ఇట్టే చెప్పేస్తుంది, సీనియర్ రికార్డు చూసి రాసుకున్న పిల్ల చెప్పలేదు. అలాగే స్క్రూగేజీతో తీగ మందం కొలిచేటప్పుడు అశ్రద్ధ పనికిరాదు, సూత్రంలో వ్యాసార్ధం నాలుగో ఘాతంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక శాతం తప్పితే జవాబులో దాదాపు నాలుగు శాతం తప్పుతుంది. అబ్జర్వేషన్ బుక్కు, రికార్డు రెండూ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. ల్యాబ్‌లో కూర్చుని అప్పటికప్పుడు రీడింగులు రాసుకునేది మొదటిది, తర్వాత శుభ్రంగా రాసి దిద్దించుకునేది రెండోది.

హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం వంటి కారణం చూపిస్తే 65 దాకా కండోనేషన్, అంటే మినహాయింపు, ఉంటుంది, అంతకన్నా తగ్గితే సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వకుండా డిటెయిన్ చేస్తారు. ఇది తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి. ఆర్22 ప్రకారం 40 మార్కులు కాలేజీలోనే పడతాయి, చివరి పరీక్షకు 60, కాబట్టి ఆఖర్లో నాలుగు రోజులు ఆల్‌ఇన్‌వన్ తిరగేస్తే గట్టెక్కుతామన్న సలహా సీనియర్లు ఇచ్చినా నమ్మవద్దు.

కొత్త పిల్లల కోసం మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాం (పరిచయ కార్యక్రమం) పెట్టాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ చెప్పింది. అందులో ఉపన్యాసాలు, సాంస్కృతిక కార్యక్రమాలు ఎన్నయినా పెట్టుకోండి, ఒక్క పూట మాత్రం నిజమైన ట్యుటోరియల్ ఎలా ఉంటుందో చేసి చూపించండి అని యాజమాన్యాలను వేడుకుంటున్నాను. లెక్కల షీటు రెండు రోజుల ముందే ఇవ్వండి, పిల్లలు చేయగలిగినంత చేసుకుని రానివ్వండి, సెక్షన్‌ని రెండు బ్యాచులుగా విడదీయండి. మీ చదువుల పేజీలో కూడా కటాఫ్ పట్టికల పక్కన ఒక సెమిస్టర్ టైంటేబుల్ వేసి, ఏ గంటలో ఏం జరగాలో వివరిస్తే ఈ ఏడాది చేరే పిల్లలకు తరగతులు మొదలయ్యేలోగా అందుతుంది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకురాలు,
వరంగల్