టర్బోనా, సూపర్‌చార్జరా: తక్కువ డబ్బులో నీ కారుకి ఏది?

బావా,

నీ ఉత్తరం అందింది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, ఇప్పుడున్నది 120 హార్స్‌పవరు, దాన్ని 160 చెయ్యాలి, చేతిలో డబ్బు తక్కువ. టర్బో పెట్టించనా, సూపర్‌చార్జరా అనే కదా అడిగావు. చిన్న టర్బో పెట్టించు. బూస్టు, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన దట్టించేది, 0.4 బార్ దాటనివ్వకు. ఉన్న డబ్బులో మూడో వంతుకి మించి ఆ టర్బోకే పొయ్యకు. ఎందుకో చెప్తాను, తీరిగ్గా చదువు.

రెండూ చేసే పని ఒకటే, ఇంజన్లోకి గాలిని దట్టించి పంపడం. సూపర్‌చార్జర్ (బ్లోయర్ అన్నా అదే) క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని పుల్లీ నుంచి బెల్టుతో తిరుగుతుంది, టర్బో సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగతో తిరుగుతుంది. మన రోడ్లు చూస్తే సూపర్‌చార్జరే మేలనిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. కాలవ గట్టు మీద కొబ్బరికాయల లారీ వెనకాల 40లో పోతూ, ఎదురు ఖాళీ దొరికిన కాస్త సేపట్లో దాటాలి. కాలు నొక్కగానే లాగు రావాలి. బెల్టుతో తిరిగేదానికి అది వెంటనే వస్తుంది. టర్బోకి పొగ పెరిగి, దాని లోపలి చక్రం వేగం అందుకునేదాకా ఆగాలి. 2,500 ఆర్పీఎం లోపే బూస్టు అందుకునే చిన్న సైజు తీసుకుంటే ఆ ఆగడం పెద్దగా తెలియదు. పెద్దదాని మీద మోజు పడ్డావా, 4,000 దాటాక గానీ కదలదు. 216 హైవే మీద తప్ప మనం అంత తిప్పేది ఎక్కడ?

మరి సూపర్‌చార్జర్ ఎందుకు వద్దంటున్నానంటే, దాని లెక్క తేలిక, బిగింపు కష్టం. ఉదాహరణకి పాత మినీ కూపర్ ఎస్ కారులో వచ్చిన ఈటన్ ఎం45 అనే సూపర్‌చార్జర్‌నే చూడు. పేరులోని 45 అంటే ఒక చుట్టుకి 45 ఘనపు అంగుళాల గాలి, అంటే సుమారు 737 సీసీ. నీ ఇంజను క్రాంక్ ఒక చుట్టు తిరిగితే పీల్చేది 750 సీసీ. 0.4 బార్ బూస్టు రావాలంటే దానికి 1.4 రెట్ల దాకా గాలి పంపాలి, కాబట్టి క్రాంక్ ఒక చుట్టుకి బ్లోయర్ 1.3 నుంచి 1.4 చుట్లు తిరగాలి. క్రాంక్ పుల్లీ 140 మిల్లీమీటర్లుంటే బ్లోయర్ పుల్లీ 100 ఉండాలన్నమాట. ఇక్కడిదాకా కాగితం మీద పని. ఆ తర్వాత దాన్ని పట్టుకునే బ్రాకెట్ మందం ప్లేటుతో లేత్ షాపులో చేయించాలి. పుల్లీలన్నీ ఒకే వరసలో, మిల్లీమీటరు కూడా తేడా లేకుండా నిలవాలి. బెల్టు ఆ చిన్న పుల్లీని కనీసం సగం చుట్టి పట్టాలి, లేకపోతే జారుతుంది. ఏసీ, ఆల్టర్నేటర్ (బండికి కరెంటు ఇచ్చేది) తిప్పే బెల్టుతోనే దీన్నీ తిప్పుదామనుకుంటే వానాకాలంలో కింద నుంచి నీళ్లు చిమ్మినప్పుడల్లా కీచుమంటూ బూస్టు పడిపోతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డు, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల సెట్టు కూడా కొత్తగా కట్టించాలి. పాతది కొంటే లోపలి గేర్లకుండే సొంత ఆయిల్ ఎండిపోయి ఉండే అవకాశం ఎక్కువ. పైగా పై ఆర్పీఎంలో అది తిరగడానికే ఏడెనిమిది హార్స్‌పవరు బెల్టు తినేస్తుంది. చెడితే విడిభాగం మన చుట్టుపక్కల దొరకదు. టర్బో అయితే ఇన్నేళ్ల డీజిల్ బళ్ల పుణ్యమా అని రాజమండ్రిలోనో బెజవాడ ఆటోనగర్‌లోనో విప్పి చూసేవాళ్లుంటారు.

వేడి సంగతి కూడా చూడు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల గాలిని 0.5 బార్ బూస్టుకి నొక్కితే, మంచి టర్బో నుంచి సుమారు 95 డిగ్రీలతో బయటికొస్తుంది. రూట్స్ అనే పాత రకం బ్లోయర్ నుంచైతే 110 దాకా పోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే నాకింగ్, అంటే పెట్రోలు తనంతట తనే అంటుకుని ఇంజన్ని కొట్టడం, అంత త్వరగా మొదలవుతుంది. అందుకని ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకుండా ఏదీ పెట్టించకు. నేరుగా మానిఫోల్డు మీద కూచునే బ్లోయర్‌కి ఇంటర్‌కూలర్ ఇరికించడం తలనొప్పి. టర్బోకి బంపర్ వెనక పెట్టి రెండు అంగుళాల పైపు లాగితే చాలు.

ఆన్‌లైన్లో కనిపించే కరెంటు ఫ్యాను సూపర్‌చార్జర్ల జోలికి వెళ్లకు. నీ ఇంజనుకి 6,000 ఆర్పీఎంలో 0.4 బార్ ఇవ్వాలంటే గాలిని నొక్కడానికే సుమారు 4 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల మీద అది 330 ఆంపియర్లు. ఏ చిన్న కారు ఆల్టర్నేటరూ దాని దరిదాపులకి రాదు.

స్క్రాపులో డీజిల్ కారు టర్బో చవగ్గా వస్తుందని ఆశపడకు. డీజిల్ పొగ పెట్రోలు పొగంత వేడిగా ఉండదు. పెట్రోలు ఇంజన్లో ఫుల్ లోడు మీద 900 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ టర్బోలో పొగ దారిలోని రెక్కల కోణం మారే రకమైతే ఆ వేడికి ఆ రెక్కలు బిగుసుకుపోతాయి, మామూలు రకమైనా హౌసింగ్ పగుళ్లిస్తుంది. కంపెనీయే పెట్రోలు టర్బో పెట్టి అమ్మిన కారులోది వెతుకు. కొనే ముందు షాఫ్టు వేళ్లతో పట్టుకుని చూడు. పక్కకి కాస్త ఆడితే ఫరవాలేదు. ముందుకీ వెనక్కీ ఆట తెలిసినా, రెక్క అంచు హౌసింగ్‌ని రాసుకున్న గీత కనిపించినా వదిలేయ్.

టర్బో పెట్టాక ఎక్కువమందిని ముంచేది ఆయిల్ తిరిగొచ్చే గొట్టం బావా. టర్బోలోకి ఆయిల్ సన్న పైపులో ప్రెషర్ మీద వెళ్తుంది, వచ్చేటప్పుడు మాత్రం నురగలా, తన బరువుకి తనే దిగాలి. ఆ గొట్టం లోపలి వెడల్పు 16 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఎక్కడా ఎత్తెక్కకూడదు, ఆయిల్ చాంబర్లో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. మధ్యలో ఒక్క వంపు పైకి లేచినా ఆయిల్ వెనక్కి నిలిచి, సీళ్లు దాటి సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందని ఇంకోటి కొంటారు, దానికీ అదే పొగ. గొట్టం సరిచేస్తే తగ్గిపోతుంది.

పెట్రోలు వైపు కొద్దిగా లెక్క చెయ్యి. 160 హార్స్‌పవరుకి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు, ఒక్కోటి 80 శాతం సమయం మించి తెరుచుకోకుండా చూస్తే ఒక్కోటి నిమిషానికి 315 సీసీ సైజుది కావాలని లెక్క వస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, దానికి ఇంకో ఎనిమిది శాతం ఎక్కువ పొయ్యాలి. కాబట్టి 360 సీసీవి తీసుకో, పంపు కూడా మార్చు. నీ కారులో మ్యాప్ సెన్సరు (మానిఫోల్డులో గాలి ఒత్తిడి కొలిచేది) ఉంటే అది ఒక బార్ దాకానే చూడగలదు. మామూలు గాలి ఒత్తిడే ఒక బార్, కాబట్టి దానికి పైన వచ్చే బూస్టు దానికి కనపడదు. రెండు బార్‌లది వేసి, విడిగా ట్యూన్ చెయ్యగల ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్ పెట్టించు. పొగని బట్టి గాలీ పెట్రోలూ ఎంత పాళ్లో కచ్చితంగా చూపే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ లేకుండా ట్యూనింగ్ చేస్తానన్నవాడికి బండి ఇవ్వకు. బూస్టులో లాంబ్డా, అంటే ఆ పాళ్ల అంకె (1 అంటే సరిగ్గా సరిపోయినట్టు, తగ్గితే పెట్రోలు ఎక్కువ), 0.8 దగ్గర ఉండాలి. స్పార్కు టైమింగు ప్రతి పీఎస్‌ఐ (సుమారు 0.07 బార్) బూస్టుకి ఒక డిగ్రీ వెనక్కి లాగడంతో మొదలుపెట్టమను. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు. నీ ఇంజను కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క, 10కి పైన, లోపలివి మామూలు పిస్టన్లు. నాకింగ్ నాలుగు సార్లు గట్టిగా కొడితే పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు విరుగుతుంది, అప్పుడిక ఇంజను విప్పడమే. 0.4 దగ్గరే ఆగమన్నది అందుకే. ఎక్కువైన పొగని టర్బో పక్క నుంచి వదిలేసే వేస్ట్‌గేట్ స్ప్రింగు కూడా 0.4 బార్‌దే పెట్టించు.

ఎయిర్ ఫిల్టర్ బంపర్ కింద పెడితే చల్లగాలి వస్తుందంటారు. మన లంకల్లో వద్దు. వానాకాలం మోకాలి లోతు నీళ్లలో ఒక్కసారి నీరు పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. హెడ్‌లైటు ఎత్తున పెట్టించు. కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ పొట్టూ దుమ్మూ ఇంటర్‌కూలర్ రేకుల్లో పేరుకుపోతుంది. నెలకోసారి వెనక నుంచి ముందుకి నీళ్లు కొట్టు, గట్టి ప్రెషర్ వద్దు, రేకులు వంగుతాయి. అంతర్వేది వైపు ఎక్కువ తిరిగితే ఉప్పు గాలికి అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది, మంచినీళ్లతో కడగడం మానకు. ఆయిల్ 5,000 కిలోమీటర్లకి మార్చు. గట్టిగా తోలి వచ్చాక ఒక నిమిషం ఐడిల్లో ఉంచి అప్పుడు ఆపు.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ ఇష్టానికి మార్చకూడదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి ఇదొక్కటే అయితే, దీన్ని అమ్మి టర్బోతో వచ్చిన పాత పెట్రోలు కారు కొనుక్కోమనే చెప్తాను. అది చవక కూడా.

అయినా ఇదే కావాలంటే, ఏదీ కొనకముందు కంప్రెషన్ టెస్టు చేయించు. ఇంజను వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసెయ్యాలి, పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ మధ్య పది శాతం మించి తేడా ఉంటే టర్బో మాట పక్కనపెట్టి ముందు ఇంజను బాగుచేయించు. తక్కువొచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడమను. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఆ నాలుగు అంకెలూ రాసి పంపు, వెంటనే జవాబు రాస్తాను.

నీ,
బావ